బయట వెలుతురులో చూద్దాం

మద్రాసు టీ నగర్‌లో పానగల్ పార్కు దగ్గర పొద్దు గుంకిన సంగతి తల ఎత్తి చూస్తే తప్ప తెలియదు. పైన ఆకాశం నల్లబడింది గానీ కింద రోడ్డు మీద ఇంకా మిట్టమధ్యాహ్నమే. చుట్టూ అయిదారంతస్తుల అద్దాల మేడలు. ఒక్కో మేడ నుదుట దుకాణం పేరు అరవంలో, ఇంగ్లీషులో, అక్కడక్కడా తెలుగులో కూడా. పై అంతస్తు నుంచి గుమ్మం దాకా సీరియల్ బల్బుల తెరలు జారుతున్నాయి. ఆడి మాసం తగ్గింపు ధరల కాలం అది. మనకు ఆషాఢం ఎలాగో అరవవాళ్లకు ఆడి అలాగ. పెళ్లిళ్లుండవు కాబట్టి కొట్లవాళ్లే పెళ్లివారిలా ముస్తాబవుతారు.

“ఇంత కరెంటు బిల్లు ఎవరు కడతార్రా?” అంది అమ్మ క్యాబ్ దిగుతూనే.

“మనమే అత్తయ్యగారూ” అన్నాడు బావ.

శ్రావణంలో మేనకోడలి పెళ్లి. పెళ్లిపట్టు చీరలకు మద్రాసు, కంచి వెళ్లిరావడం మా గుంటూరు, ప్రకాశం వైపు ఇంకా పోని అలవాటు. టీ నగర్‌లో ఉన్న పెద్ద కొట్లకు విజయవాడలోనూ హైదరాబాదులోనూ బ్రాంచీలు వచ్చేశాయి. అయినా మేం పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. అక్క, బావ, మేనకోడలు, అమ్మ, నేను. అమ్మది చీరాల. మగ్గాల చప్పుడు మధ్య పెరిగిన మనిషి. గుడ్డ విషయంలో ఆమె మాటకు మా ఇంట్లో అప్పీలు లేదు.

ఈ పేట పుట్టుకలోనే తెలుగువాళ్ల చెయ్యి ఉంది. టీ నగర్ అంటే త్యాగరాయ నగర్. జస్టిస్ పార్టీ నాయకుడు పిట్టి త్యాగరాయ చెట్టి పేరు మీద 1920లలో కట్టిన పేట. ఆయన నేతవృత్తి వాళ్లయిన దేవాంగుల ఇంట పుట్టిన తెలుగువాడు. పార్కుకు పేరిచ్చిన పానగల్ రాజా అంటే పానగంటి రామారాయణింగారు, 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రెసిడెన్సీని ఏలిన మంత్రివర్గానికి పెద్ద. ఆ తర్వాత రెండేళ్లకే, 1928లో, కంచి నుంచి వచ్చిన నల్లి చిన్నసామి చెట్టి ఇక్కడ పట్టుచీరల దుకాణం పెట్టాడు. ఒక్క కొట్టు వెనక మరొకటి వచ్చి, పట్టు పక్కకు బంగారం చేరి, చివరికి పార్కు చెట్లకు రాత్రన్నదే లేకుండా పోయింది.

మేం ఎక్కిన కొట్టులో గుమ్మం దాటగానే మొదట చల్లగాలి, తర్వాత కుంకుమ భరిణె, ఆ తర్వాత వెలుతురు. ఈ వెలుతురు వీధిలోదానిలా కళ్లలో పొడవదు. కప్పుకు నల్లటి పట్టాలు బిగించి, వాటికి గుప్పెడంతేసి దీపాలు తగిలించారు. మెడ ఎటు తిప్పితే అటు తిరిగే దీపాలవి. నడిచే దారిలో వెలుగు పల్చగా ఉంది, చీరలు పరిచే బల్లల మీద చిక్కగా ఉంది. ఎవరూ రమ్మని చెప్పకముందే అక్క, మేనకోడలు నేరుగా వెళ్లి ఆ చిక్కటి వెలుగు ముందు కుర్చీల్లో కూర్చున్నారు. మనుషులు ఎటు నడవాలో, ఎక్కడ ఆగాలో ఇక్కడ కప్పు చెబుతోంది.

“రండమ్మా, కూచోండి, ఏ రేంజిలో చూపించేది?” అన్నాడు నడివయసు సేల్స్‌మన్. తెలుగే, కాస్త అరవ యాస. నేను చీరలను వదిలేసి అతని చేతులనే చూస్తూ కూర్చున్నాను. మడత విప్పుతాడు, కొంగు పరుస్తాడు, ఒక్క క్షణం ఆగి చీర మొత్తాన్ని జానెడు ఎడమకు జరుపుతాడు. అప్పుడు జరీ భగ్గుమంటుంది. పది చీరలు తీశాడు, పదింటినీ అలాగే జరిపాడు. బల్ల మీద తెల్ల గుడ్డే తప్ప గుర్తేమీ లేదు. పై దీపం తాలూకు వెలుగు ముద్ద ఎక్కడ పడుతుందో అతని మణికట్టుకు తెలుసు. ఎందుకలా జరుపుతున్నావని అడిగితే సిగ్గుపడ్డట్టు నవ్వి, “అక్కడ లైటు బాగుంటుంది సార్” అన్నాడు.

అతను చేసేదాంట్లో మాయేమీ లేదు, లోహం గుణం ఉంది. అసలైన కంచి జరీ అంటే ఎర్రరంగు పట్టుపోగు చుట్టూ సన్నటి వెండి రేకు చుట్టి, దాని మీద బంగారు పూత వేసిన దారం. ఆ రేకు ప్రతి మెలికా ఒక చిన్న అద్దమే. కప్పంతా పరుచుకున్న ట్యూబులైట్ల కింద అన్ని వైపుల నుంచీ ఒకే రకం వెలుగు పడితే అద్దాలన్నీ ఒకేలా కనిపించి జరీ చదునుగా ఉంటుంది. ఒకే బిందువు నుంచి సన్నటి ధార పడితే కొన్ని మెలికలు మెరుస్తాయి, కొన్ని ఆరిపోతాయి. చూసేవాళ్లు తల కదిపితే మెరుపు చోటు మారుతుంది. అందుకే ఈ కొట్లలో ఎవరూ నిశ్చలంగా కూర్చోరు. తల ఇటు వంచి, అటు వంచి చూస్తారు. చూసే కొద్దీ చీర ప్రాణమున్నదానిలా ఉంటుంది.

అమ్మ మాత్రం ఒక చీర అంచును రెండు వేళ్లతో పట్టి బల్ల కిందికి, నీడలోకి దించింది. మామిడిపండు రంగు చీర అది. కాసేపు చూసి, “బయట వెలుతురులో చూద్దాం” అంది.

గడియారం ఏడు దాటింది. “ఇప్పుడు ఎండ ఎక్కడ తెచ్చేదమ్మా?” అన్నాడు సేల్స్‌మన్. అయినా విసుక్కోలేదు. చీర భుజాన వేసుకుని మమ్మల్ని మెట్ల మలుపు దగ్గరికి తీసుకెళ్లాడు. అక్కడ తెల్లటి ట్యూబులైటు ఒకటుంది. ఇలాంటి అమ్మల కోసమే ఉంచినట్టుంది. దాని కింద మామిడిపండు కాస్తా నిమ్మపండు అయింది. అమ్మ మా వైపు చూసిన చూపులో యాభై ఏళ్ల అనుభవం ఉంది.

“రెండూ దాని రంగులేనమ్మా” అన్నాడు అతను.

దీపం వెలుగులో పసుపు పాలెంత, నీలం పాలెంత అన్నది కెల్విన్లలో కొలుస్తారు. ప్రమిద వెలుగు రెండు వేలకు అటూ ఇటూ. పాత ఫిలమెంట్ బల్బు 2700. ఈ కొట్లో బల్లల మీద పడే దీపాలు మూడు వేలు ఉంటాయేమో. పెట్టె మీద డేలైట్ అని రాసి అమ్మే తెల్ల దీపాలు 6500. అంకె పెరిగే కొద్దీ వెచ్చదనం తగ్గుతుంది. పసుపు పాలు ఎక్కువున్న దీపం కింద పసుపు, ఎరుపు, కాషాయం జాతి రంగులు పండుతాయి, నీలాలూ ఊదాలూ మసకబారతాయి. కొట్టువాళ్లు చీరలకు రంగులు వేయరు. ఏ రంగు ఏ దీపం కింద పెట్టాలో చూసుకుంటారు, అంతే. నేను గమనించినంతలో ఎరుపులన్నీ వెచ్చటి దీపాల కింద ఉన్నాయి, నీలాల అర దగ్గర దీపాలు మరికాస్త తెల్లగా ఉన్నాయి.

ఎరుపు దగ్గర మరో చిక్కు ఉంది. ఒక దీపం రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పడానికి సీఆర్ఐ అని నూటికి మార్కులు వేస్తారు. ఫిలమెంట్ బల్బుకు నూరు. ఎల్‌ఈడీకి ఎనభై, తొంభై. ఎనభై అంటే ఫస్టుక్లాసే కదా అనుకుంటాం. కానీ ఆ మార్కులు లెక్కగట్టేది ఎనిమిది లేత రంగుల సగటుతో. చిక్కటి ఎరుపు తొమ్మిదోది, ఆ సగటులో లేదు. చవక ఎల్‌ఈడీ ఎనిమిదింట్లో పాసై ఎరుపులో దాదాపు సున్నా తెచ్చుకున్నా పెట్టె మీద ఎనభై అనే ఉంటుంది. పెళ్లికూతుళ్ల కుంకుమ ఎరుపులూ అరక్కు రంగులూ అమ్ముకు బతికే వీధిలో ఇది చిన్న సంగతి కాదు. పెద్ద కొట్లు అందుకే ఖరీదైన దీపాలు కొంటాయి. ఊళ్లో సందు చివర కొట్టులో అదే ఎరుపు ఇటుక రంగులో కనబడుతుంది. పాపం చీరది కాదు, నేతగాడిదీ కాదు.

రోడ్డు దాటి బంగారం కొట్టుకు వెళ్లాం. బంగారం విభాగంలో వెచ్చటి పసుపు వెలుగు. అద్దాల తలుపు దాటి వజ్రాల గదిలోకి వెళ్తే ఒక్కసారిగా తెల్ల వెలుగు, కొంచెం నీలి ఛాయతో. బంగారం నీలాన్ని మింగేసి పసుపునూ ఎరుపునూ తిప్పికొట్టే లోహం, దానికి వెచ్చటి దీపమే ఒప్పుతుంది. వజ్రానికి కావలసింది వేరు. దానికి చుట్టూ చీకటి కాస్త ఉండాలి, పైన చిన్న చిన్న దీపపు చుక్కలు బోలెడుండాలి. రాయిని తిప్పినప్పుడల్లా ఒక్కో ముఖం ఒక్కో చుక్కను పట్టి వదులుతుంది. మబ్బు పట్టిన రోజు ఆరుబయట అదే ఉంగరం చూడండి, గాజుముక్క కాదు గానీ ఆ తుళ్లింత ఉండదు. మేనకోడలు వేలికి పెట్టుకుని చెయ్యి ఆడిస్తోంటే అక్క ముఖం వెలిగింది. దానికి దీపం అక్కర్లేదు.

ఆ గదిలో అద్దం దగ్గరి దీపాలు చూడండి ఎప్పుడైనా. కప్పు మీంచి కాదు, అద్దానికి రెండు పక్కల నిలువుగా ఉంటాయి. పైనుంచి పడే వెలుగు కళ్ల కింద, ముక్కు కింద నీడలు వేసి మనిషిని అలసిపోయినట్టు చూపిస్తుంది. ఎదురుగా పక్కల నుంచి వస్తే నీడలు పోతాయి. హారం నచ్చిందనుకుంటాం. నిజానికి హారం వేసుకున్న తమ ముఖం నచ్చి కొన్నవాళ్లే ఎక్కువని నా అనుమానం.

ఇంత వెలుగులో పగలంతా నిలబడే అమ్మాయిల మాట కూడా ఒకటుంది. కేరళ 2018లో, తమిళనాడు 2021లో దుకాణాల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే ఏర్పాటు ఉండాలని చట్టం సవరించాయి. ఆ సాయంత్రం మేం తిరిగిన కొట్లలో బల్లల వెనక స్టూళ్లయితే కనిపించాయి. కొనుగోలుదార్లు ఉండగా వాటి మీద కూర్చున్నవాళ్లు కనబడలేదు.

దుకాణం గాలీ వెలుగూ వాసనా కూడా అమ్మకంలో భాగమేనని ఫిలిప్ కోట్లర్ 1973లోనే వ్యాసం రాశాడు. అప్పట్నుంచి వెలుతురు మీద పరిశోధనలు వస్తూనే ఉన్నాయి. వాటిలో నాకు నమ్మబుద్ధి వేసేది చిన్నది. 1994లో అరేని, కిమ్ అనే ఇద్దరు ఒక వైన్ దుకాణంలో కొన్నాళ్లు దీపాలు పెంచి, కొన్నాళ్లు తగ్గించి చూశారు. వెలుగు ఎక్కువున్నప్పుడు జనం ఎక్కువ సీసాలు చేతిలోకి తీసుకుని తిప్పి చూశారు. కొనడం మాత్రం పెరగలేదు. బేరం ఆడేవాళ్లకు ఇది అర్థమవుతుంది. దీపం చెయ్యి చాపించగలదు, డబ్బు తీయించడానికి ఇంకేవో కావాలి. దీపాల పేరు చెప్పి అమ్మకాలు ఇంత శాతం పెరుగుతాయని లెక్కలు చెప్పేవాళ్లు నాకు ఎదురైనప్పుడల్లా ఆ సీసాలు గుర్తొస్తాయి. ఇక తిండి మీద మసక వెలుతురు ప్రభావం గురించి ప్రచారంలో ఉన్న మాటల్లో కొన్ని అప్పట్లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా ఉన్న బ్రయాన్ వాన్‌సింక్ పరిశోధనల నుంచి వచ్చినవి. 2018లో ఆ విశ్వవిద్యాలయమే ఆయన పరిశోధనల్లో అక్రమాలున్నాయని తేల్చింది. కాబట్టి మసక వెలుగులో తక్కువ తింటామా, ఎక్కువ తింటామా అన్నది ఆ రాత్రి మేమే చూసుకోవలసి వచ్చింది.

బావ ఎంచుకున్న హోటల్ అలాంటిది మరి. బల్లకొక చిన్న దీపం, దానికి ఇత్తడి గొడుగు, మిగతా గదంతా చీకటి. మెనూ నల్ల కాగితం మీద బంగారు అక్షరాలు. అమ్మ, అక్క ఇద్దరూ ఫోన్ టార్చీలు వేశారు. పక్క బల్లవాళ్లు తిరిగి చూశారు. కానీ కూర్చున్న కాసేపటికి మాకు తెలియకుండానే గొంతులు తగ్గాయి. పగలంతా ధరల మీద వాదించుకున్న అక్కా బావా ఏదో పాత సంగతి చెప్పుకుని నవ్వుకుంటున్నారు. వెలుగు బల్ల దాకానే ఉంటే లోకం కూడా బల్ల దాకానే ఉంటుంది. ఎదుటివాళ్ల ముఖం తప్ప చూడటానికి ఏమీ ఉండదు. వెయిటర్ బిల్లు కోసం తొందరపెట్టలేదు. రెండోసారి డిజర్ట్ కూడా చెప్పాం. తక్కువ తిన్నామా ఎక్కువ తిన్నామా అంటే, బిల్లును బట్టి ఎక్కువే. 1941లో ఫిలిప్స్ కంపెనీ శాస్త్రజ్ఞుడు క్రూయిథోఫ్ ఒక పటం గీశాడు, వెలుగు తక్కువున్నప్పుడు మనిషికి వెచ్చటి రంగే హాయిగా ఉంటుందని. తర్వాతవాళ్లు దాన్ని ఒప్పుకున్నదీ ఉంది, కాదన్నదీ ఉంది. ఇత్తడి గొడుగు కింద కూర్చున్నప్పుడు మాత్రం కాదనడం కష్టం.

తెల్లారి కంచి దారిలో టిఫిన్‌కు ఆగిన చోటు దీనికి పూర్తిగా తలకిందులు. తెల్ల గోడలు, తెల్ల ట్యూబులు, స్టీలు బల్లలు. నీడ అన్నది ఎక్కడా లేదు. ఇడ్లీ తెల్లగా ఉందని, బల్ల తుడిచారని, గ్లాసు కడిగారని చూపించుకోవడమే ఆ దీపాల పని. అలాంటి చోట ఎవరూ ఎక్కువసేపు కూర్చోరు, కూర్చోనివ్వరు కూడా. మన వెనక నిలబడ్డవాళ్లు మన విస్తరి వంకే చూస్తుంటారు. అదే హోటల్లో అద్దాల తలుపు వెనక ఏసీ హాలుంది. లోపల పసుపు దీపాలు, మెత్తటి కుర్చీలు. వంటిల్లు ఒకటే, సాంబారు ఒకటే, ధర వేరు. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు పన్ను కూడా ఈ తేడా పాటించింది. ఏసీ ఉంటే పద్ధెనిమిది శాతం, లేకపోతే పన్నెండు. ఆ నవంబరులో రెండూ అయిదుకు దించారు. ఇడ్లీ రుచి రెండు గదుల్లోనూ ఒకటేనని అమ్మ తీర్పు. ఆమె రెండో గదిలో తినలేదు, అయినా తీర్పు తీర్పే.

కంచిలో చిన్న కంచి వైపు ఒక సందులో నేత ఇంటికి వెళ్లాం. రాయల కాలంలో ఆంధ్రదేశం నుంచి దేవాంగులూ సాలీలూ ఇక్కడికి తరలివచ్చారని చెబుతారు. ఆ ఇంట్లో ఇప్పటికీ తెలుగే. మన చెవికి కొత్తగా ఉండే తెలుగు, క్రియాపదాలు సాగదీసి. గుంట మగ్గం ముందు ఆయన, పక్కన అంచు నాడె విసరడానికి అబ్బాయి. నేస్తున్నది కొర్వై. అంటే ఒడలు ఒక రంగు, అంచు ఒక రంగు, మూడు నాడెలు, ఇద్దరు మనుషులు. మగ్గానికి ఎడమపక్క చిన్న కిటికీ. వెలుతురంతా అందులోంచే. పైన ఒక ట్యూబులైటు ఉంది గానీ ఆర్పేసి ఉంది.

“నలుపూ ముదురు నీలమూ రాత్రిపూట నేయము” అన్నాడాయన. “పోగు తెగితే కనబడదు. మర్నాడు పొద్దున చూస్తే గీత.”

మగ్గం మీద ఉన్నది నెమలి కంఠం రంగు. పడుగు నీలం, పేక పచ్చ. కిటికీ వైపు నుంచి చూస్తే నీలం, అబ్బాయి కూర్చున్న వైపు వెళ్లి చూస్తే పచ్చ. ఎటు చూసినా ఒకే రంగు కనబడాలన్న పట్టుదల ఆ గుడ్డకు పుట్టుకలోనే లేదు. అమ్మ ఆ రెండు వైపులకూ తిరిగి చాలాసేపు చూసింది, ఏమీ అనలేదు. జరీ సంగతి అడిగాను. వెండి ఎంత, బంగారం ఎంత అని పరీక్ష చేయించుకోవడానికి కంచిలోనే ప్రభుత్వ జరీ సంస్థ ఉంది కదా అన్నాను. “కొట్లో లైటు కింద పరీక్ష జరీ, మామూలు జరీ ఒకేలా మెరుస్తాయి” అన్నాడు. “పదేళ్ల తర్వాత పెట్టె తీసినప్పుడు వేరుగా మెరుస్తాయి.”

వరదరాజస్వామి గుడి అక్కడికి దగ్గరే. శ్రీకృష్ణదేవరాయలు విమానానికి బంగారు పూత పూయించిన గుడి ఇది. హస్తిగిరి మెట్లెక్కి గర్భగుడి ముందు నిలబడితే లోపల నూనెదీపాలే. కళ్లు సర్దుకోవడానికి కాసేపు పట్టింది. ముందు స్వామి కనబడలేదు, పట్టుబట్ట అంచు కనబడింది. అర్చకుడు హారతి పైకెత్తినప్పుడు అంచు పైకి పాకింది, దించినప్పుడు పాదాల దగ్గరికి జారింది. అప్పుడర్థమైంది నాకు, నిన్న సేల్స్‌మన్ జానెడు జరిపి చూపించినదేమిటో. చుట్టూ చీకటి, మధ్యన ఒకే వెచ్చటి బిందువు, దాని కింద జరీ. టీ నగర్ కప్పుకు బిగించిన నల్ల పట్టాలూ స్పాట్ లైట్లూ చేస్తున్నది ఇదే. కంచి పట్టు కరెంటు రాకముందు పుట్టిన గుడ్డ. దానికి పట్టపగలు కంటే దీపమే పాత నేస్తం. కొట్లో వెలుగును దొంగ వెలుగు అనే ముందు ఇది కూడా తూకంలో వెయ్యాలి.

దొంగ వెలుగులు లేవని కాదు. మాంసం కొట్లలో ఎర్ర గొడుగు దీపాలు, పళ్ల బండ్ల మీద పసుపు, పచ్చ కాగితం చుట్టిన బల్బులు మనం చూడనివి కావు. నిన్నటి మాంసం కూడా వాటి కింద ఇవాళ్టిదే. చైనాలో 2023 డిసెంబరు 1 నుంచి ఇలా కూరగాయలనూ మాంసాన్నీ ఉన్నదాని కంటే తాజాగా చూపించే దీపాలు వాడకూడదని నిబంధన తెచ్చారు. పాడైనదాన్ని దాచే దీపం, ఉన్నదాన్ని ఉన్నచోట మెరిపించే దీపం ఒకటి కావు. చీరల కొట్టు రెండో కోవలోదని నేనంటాను. అమ్మ ఒప్పుకోదు.

గాంధీ రోడ్డులో సహకార సంఘం కొట్టుకు వెళ్లేసరికి మధ్యాహ్నం. పొడుగాటి హాలు, తెల్ల ట్యూబులు, చెక్క బీరువాలు. స్పాట్ లైట్లు లేవు, కుంకుమ భరిణె లేదు. టీ నగర్‌లో చూసినలాంటి చీరే ఇక్కడ బల్ల మీద పరిస్తే మొదటి చూపుకు సగం చీరలా ఉంది. ధర చీటీ కూడా తక్కువే ఉంది. అక్క నిరుత్సాహపడింది. అమ్మ మాత్రం హుషారుగా ఒక కనకాంబరం రంగు చీర పట్టుకుని వరండాలోకి నడిచింది. ఇలాంటివాళ్లకు అలవాటుపడ్డ ఉద్యోగి ఒకాయన వెనకే వచ్చాడు.

ఎండలో పట్టుకుంటే ఆ చీరలో ప్రతి పోగూ లెక్కపెట్టవచ్చు. మ్యూజియాల్లో పాత పట్టుబట్టల మీద యాభై లక్సులకు మించి వెలుగు పడనివ్వరు, వెలిసిపోతాయని. వరండా అంచున పడుతున్న ఎండ అంతకు వెయ్యి రెట్లు దాటి ఉంటుంది. ఆ వెలుగులో దాగేదేమీ లేదు. “ఇదీ రంగు” అంది అమ్మ.

“అమ్మమ్మా, ముహూర్తం ఎన్నింటికి?” అంది మేనకోడలు.

“రాత్రి పదకొండు దాటాక కదే.”

“మరి అప్పుడు ఎండ ఎక్కడుంటుంది?”

అమ్మ తడబడలేదు గానీ జవాబూ చెప్పలేదు. మేనకోడలు ఫోన్ తీసి కల్యాణమండపం ఫొటోలు చూపించింది. స్టేజి వెనక గులాబీ, ఊదా ఎల్‌ఈడీ గోడ. ముందు నుంచి వీడియోవాళ్ల తెల్ల దీపాలు రెండు. పైన షాండ్లియర్ పసుపు. “ఈ మూడింట్లోనూ బాగుండాలి. ఎండలో ఎవరు చూస్తారు నన్ను?” అంటూ చీర లోపలికి తీసుకుపోయింది. ఉద్యోగిని అడిగి మూల ట్యూబులైటు ఆర్పించి, ఫోన్ టార్చి వేసి పక్క నుంచి పట్టుకుంది. కనకాంబరం కాస్త పాలిపోయింది. పక్కనున్న చిలకపచ్చ చీర, ఎర్రంచుది, బల్ల మీద ఎవరూ పట్టించుకోనిది, టార్చి వెలుగులో ఎదురు తిరిగి చూసింది. దాన్నే తీసింది. కనకాంబరం అమ్మ తన డబ్బుతో తన కోసం తీసుకుంది. పెళ్లిలో ఆవిడ ఎండలో తిరుగుతుందట, పగలు భోజనాల పందిట్లో.

అక్కడి నుంచి నాలుగు అడుగుల్లో మ్యాచింగ్ సెంటర్. చిలకపచ్చ చీరకు ఫాల్ కావాలి, జాకెట్టుకు లైనింగ్ కావాలి. గోడంతా పచ్చలే. చిలకపచ్చ, ఆకుపచ్చ, పెసర పచ్చ, జామకాయ పచ్చ, ఒకదాని పక్కన ఒకటి చుట్టలు. కుర్రాడు చీర అంచు చూశాడు, ఒక చుట్ట లాగాడు. మేం అడగకుండానే గుమ్మం దాటి రోడ్డు మీదికి దూకి, చీరా ఫాలూ పక్కపక్కన పట్టుకుని నిలబడ్డాడు. మోటారు సైకిళ్లు అతన్ని తప్పించుకుని పోతున్నాయి. రెండు గుడ్డలకు వేసిన అద్దకాలు వేరు. ట్యూబు కింద కలిసిన రంగులు ఎండలో విడిపోవచ్చు, ఎండలో కలిసినవి ట్యూబు కింద విడిపోవచ్చు. ఇవి ఎండలో కలిశాయి.

“లోపల కూడా చూడు” అంది మేనకోడలు.

లోపల విడిపోయాయి, ఒక పిసరు. అమ్మ ఎండలో కలిసిందే కావాలంది. మేనకోడలు ట్యూబు కింద కలిసేది తియ్యమంది. కుర్రాడు ఇద్దరి ముఖాలూ చూసి, ఇంకో చుట్ట లాగి ట్యూబు కింద అంచుకు ఆనించాడు. కలిసింది. రెండు చుట్టలూ బల్ల మీద పెట్టి, “రెండూ వేసుకోండమ్మా, ఇదేమంత ఖరీదు” అంటూ కత్తెర అందుకున్నాడు.